పందొమ్మిది చింతగింజలు

ఐదో చుక్క ఎంతకూ గీత మీదికి రాలేదు.

పరమేశ్వర్ దుకాణం వెనక అరుగు మీద బోర్లా పడుకుని ఉన్నాడు. ముందర బెల్లం పొట్లాలు కట్టే గోధుమరంగు కాగితం. చెక్కబద్ద ఆనించి, పెన్సిలు మొన నాలుకకు తడుపుకుంటూ, దాని నిండా గడులు గీసుకున్నాడు. అడ్డంగా రోజులు, నిలువుగా ఎలుకలు. మొదటి రోజు నాలుగు, రెండో రోజు ఆరు, మూడో రోజు తొమ్మిది, నాలుగో రోజు పదమూడు. నాలుగు చుక్కలనూ కలిపితే గీత నేల విడిచి మెల్లగా లేచి, పైపైకి వంపు తిరిగింది. ఎంత ముచ్చటేసిందో వాడికి! ఒకటిన్నర రెట్లు. ఏ రోజు లెక్కనైనా ఒకటిన్నరతో హెచ్చవేస్తే మరుసటి రోజుది వచ్చేస్తుంది. సగం ఎలుక ఉండదు కాబట్టి పదమూడున్నరను పదమూడు అనుకోవాలి, అంతే. ఆ లెక్కన ఐదో రోజు ఇరవై రావాలి. వచ్చినవి పద్నాలుగు. ఇవాళ ఆరో రోజు, ముప్పై రావాలి. వచ్చినవి పదిహేడు. రెండు చుక్కలూ గీతకు ఎంతో కింద, నడవనని మొండికేసిన పిల్లల్లా ఆగిపోయాయి.

లెక్క చచ్చిన ఎలుకలది. ఇలాంటి లెక్క ఏ బడిలోనైనా ఇస్తారా అంటే, ఇవ్వరు. మొయినాబాదు బడిలో హిసాబు చెప్పే సాముయేలు మాస్టరూ ఎలుకలని చెప్పలేదు. ఉర్దూ పుస్తకంలో ఉన్నదాన్ని తెలుగులో విప్పి చెబుతూ, రోజుకు ఇన్ని చొప్పున పెరిగేవి వేరు, రోజుకు ఇన్ని రెట్లు పెరిగేవి వేరు అన్నాడు. రెండో రకందాన్ని ఊళ్లో వెతికి పట్టుకుని, ఎనిమిది రోజులు లెక్కపెట్టి, గీత గీసి, తొమ్మిదో రోజుది ముందే చెప్పమన్నాడు. ఒకడు గుమ్మడి తీగ అన్నాడు, ఇంకొకడు కుంట మీది పాచి అన్నాడు. పరమేశ్వర్ ఎలుకలన్నాడు. అంగడి వీధిలో ప్లేగుకు ఎలుకలు రాలడం మొదలైంది ఆ వారమే మరి.  మాస్టరు చివరికి సరేనన్నాడు, ఒక్కదాన్నీ చేత్తో ముట్టవద్దని మాత్రం ఒట్టు వేయించుకున్నాడు.

ముట్టుకునే పని యోసేపుది. తెల్లవారగానే ఒక చేత కిరసనాయిలు డబ్బా, ఒక చేత పొడుగాటి పట్టుకారుతో వీధి వీధికీ తిరుగుతాడు. ఇళ్ల ముందుకు రానివ్వరు, పెరటి తలుపు దగ్గర నిలబడి ఎలుకలున్నాయా అని అడగాలి. ఆడవాళ్లు చీపురుతో బయటికి నెడితే పట్టుకారుతో పట్టి డబ్బాలో వేసుకుంటాడు. వేసినప్పుడల్లా రొంటిన ఉన్న గుడ్డమూటలో ఒక చింతగింజ. ఊరి బయట కుప్ప పోసి తగలబెట్టాక, చావడికి పోయి గింజలు లెక్కపెట్టి చెబితే అక్కడ రాసుకుంటారు. పరమేశ్వర్ దారిలో కాపు కాసి తనూ గింజలు లెక్కపెట్టుకునేవాడు. యోసేపుకు అది వేడుకగా ఉండేది. ముసలితనం వచ్చాక ఇన్నాళ్లకు తన లెక్క బడికెక్కిందని నవ్వేవాడు.

బడికి వేళ అవుతోంది. పరమేశ్వర్ రెండు చుక్కల కేసి గుర్రుగా చూశాడు. రొట్టెముక్కతో వాటిని రుద్ది చెరిపేశాడు. ఇరవై దగ్గర ఒకటి, ముప్పై దగ్గర ఒకటి పెట్టాడు. గీత సాఫీగా సాగిపోయింది.

సాముయేలు మాస్టరు కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. చెరిపిన మచ్చలు రెండూ కనబడుతూనే ఉన్నాయి. కొట్టే మనిషి కాదు. కొట్టినా బాగుండేది. కాగితం బల్ల మీద పెట్టి, చెరిపిన చోట వేలు ఆనించాడు.

“కండ్లతోని చూసింది రాయాలె, పరమేశ్వర్. గీత కుదరకపోతే గీతనే పోనీ. లెక్కను చంపి గీతను బతికిస్తవా?”

పిల్లలు కిసుక్కుమన్నారు. పరమేశ్వర్ చెవులు కాలిపోయాయి. మాస్టరు గొంతు తగ్గించి మరో మాట చెప్పాడు. బాగా నడిచే గీత ఉన్నట్టుండి విరిగిందంటే అక్కడ ఏదో జరిగిందన్నమాట. ఎలుకలు చావడమన్నా తగ్గి ఉండాలి, లెక్కకు రావడమన్నా తగ్గి ఉండాలి. ఏది తగ్గిందో చూసుకుని రమ్మన్నాడు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి వాడు నేరుగా అక్క గది గడప దగ్గర కూలబడ్డాడు. లోపలికి పోకూడదు. భాగీరథి పురిటి గదిలో ఉంది, ఆడపిల్ల పుట్టి ఇవాళ్టికి ఏడో రోజు. ఆ గదికీ పక్కనున్న ధాన్యం కొట్టుకూ నడిమి గోడ ఒక్కటే. గదిలో వాము పొగ, కుంపటి వేడి. తలకు గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చున్న అక్క, ఏడు రోజుల బట్టి గోడ చూసి చూసి విసిగిపోయి ఉంది. తమ్ముడి మొహం చూడగానే ఏమైందని అడిగింది. వాడు చెప్పి, కాగితం గడప అవతల నుంచే ఎత్తి చూపించాడు.

భాగీరథి బడికి పోలేదు. పెళ్లయ్యేదాకా దుకాణంలో తండ్రి పక్కన కూర్చుని తూకాలు నేర్చింది. శంకర్‌పల్లి అత్తవారింట్లో కూడా నోటిలెక్కకు ఆమెనే పిలుస్తారు. వేళ్ల కణుపులు ఎంచుతూ కాసేపు చూసింది.

“నీ లెక్క తప్పు లేదు తమ్మీ,” అంది. “అయిదోనాడు ఆరు తక్వ, ఆరోనాడు పదమూడు తక్వ. ఎవలింట్లనో పందొమ్మిది ఎల్కలు కూసున్నయి పో. ఎవలో దాసిపెట్టిన్రు.”

చెప్పి నవ్వింది. పొత్తిళ్లలో పిల్ల కదిలితే జోకొట్టింది. దాచిపెట్టిన వాళ్లకు ఎంత భయముందో పాపం అని కూడా అంది. నిజమే, భయం లేనిదెవరికి? ఒక ఇంట్లో ఒకే రోజు ఐదు ఎలుకలు రాలితే ఆ ఇల్లు ఖాళీ చేయాలని చేవెళ్ల నుంచి వచ్చే ప్లేగు దారోగా హుకుం. పక్కింటి భద్రయ్య ఇంట్లో నాలుగోనాడు అలాగే ఐదు రాలాయి. మధ్యాహ్నానికల్లా కప్పు పెంకులు దించి, గదుల్లోకి ఎండ పడేలా చేసి, ఇంటిల్లిపాదినీ చిన్న మంగళారం దారిలో జొన్న చొప్ప గుడిసెల్లోకి పంపేశారు. పుష్యమాసపు చలి. గండిపేట చెరువు కట్టిన ఈ పదిహేనేళ్ల నుంచీ ఆ వైపు గాలి ఇంకా కోస్తుందని పెద్దవాళ్లంటారు.

పరమేశ్వర్ కాళ్లు కడుక్కుందామని పెరట్లోకి పోయాడు. పేడగుంట దగ్గర ఊరకుక్క ఒకటి మట్టి గీరుతోంది. అదిలించినా పోలేదు. దగ్గరికి పోతే వాసన కొట్టింది. ఆ వాసన వారం రోజులుగా వీధిలో ఉన్నదే కాబట్టి పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. కందికట్టె తెచ్చి మట్టి తీశాడు. మీద బూడిద, బూడిద కింద గోనెసంచి. మాస్టరుకు వేసిన ఒట్టు గుర్తుంది, చేయి పెట్టలేదు. కట్టెతోనే సంచి మూతి విప్పి, ఒక్కొక్కదాన్నే పక్కకు జరుపుతూ లెక్కపెట్టాడు. పదిహేడు దాకా వచ్చేసరికి ఆగిపోవాలనిపించింది. పందొమ్మిది కన్నా ఎక్కువ ఉండనీ, లేదా ఒకటైనా తక్కువ ఉండనీ అని దేవుడికి దండం పెట్టుకున్నాడు. సంచి అడుగున రెండు ఉన్నాయి.

పందొమ్మిది. లెక్క అణువంత కూడా తప్పలేదు. తెలివైన పిల్లవాడికి జవాబు దొరికినప్పుడు ఉండవలసిన సంతోషం వాడికి ఆ పెరట్లో లేదు.

తండ్రి వీరేశం కొట్టులో జొన్నల బస్తాలు ఒక మూల నుంచి ఇంకో మూలకు జరుపుతున్నాడు. హమాలీ లేకుండా బస్తా ఎత్తని మనిషి. చొక్కా విప్పి, మూతికి కండువా చుట్టుకుని, ఒంటరిగా లాగుతున్నాడు. గుమ్మంలో కొడుకు, కొడుకు చేతిలో మట్టి అంటిన కందికట్టె. చూడగానే ఆయనకు అర్థమైంది. బస్తా మీద కూర్చుండిపోయాడు.

కోప్పడలేదు. కోప్పడితే పరమేశ్వర్ ఎదురు తిరిగేవాడేమో. మెల్లగా, బతిమాలుతున్నట్టు చెప్పాడు. పోయిన ప్లేగులో ఇట్లాగే గుడిసెలకు పోతే, పరమేశ్వర్‌కు ముందు పుట్టిన పిల్లవాడు పన్నెండు రోజుల గుడ్డు, చలికి నీలుక్కుపోయి తల్లి సుమిత్రమ్మ ఒళ్లోనే చచ్చిపోయాడు. ఆమె ఆ సంగతి ఇప్పటికీ ఎత్తనివ్వదు. ఇప్పుడు కూతురు పచ్చి బాలింత. పురుడు వెళ్లకుండా, తలంటు పోయకుండా గడప దాటించడమే లేదు ఇంట్లో. పదకొండో రోజు స్నానం కాగానే తానే చావడికి పోయి చెప్పేస్తానని, అందాకా యోసేపును పెరట్లోంచే ఎలుకలు లేవని పంపెయ్యమని సుమిత్రమ్మకు చెప్పానని అన్నాడు.

“నాలుగొద్దులు, కొడకా. ఇయ్యాల పదమూడు, రేపు ఇంకో రెండో మూడో ఎక్వ రాల్తయి. నేను తీసి పాతిపెడ్త. నాలుగొద్దులల్ల కొంప మునుగుతదా?”

“గట్ల పెరుగవు బాపు,” అన్నాడు పరమేశ్వర్.  “ఊర్లె రేపు నలభై అయిదు. నాలుగొద్దులకు నూటయాభై అయితయి. నేను లెక్క చేసిన.”

వీరేశం వాడి వైపు జాలిగా చూశాడు. అవి బడి లెక్కలని, పుస్తకంలో ఉన్నట్టు ఎలుకలు చావవని అన్నాడు. జీవితమంతా రోజుకు ఇంత చొప్పున అమ్మి, ఇంత చొప్పున కొన్న మనిషి. నాలుగు రోజులంటే ఆయనకు నాలుగే. కొడుకు తల మీద చేయి వేసి, అక్క మీద ఒట్టు అన్నాడు. పరమేశ్వర్ తల దించుకున్నాడు. వాడు ఒప్పుకున్నట్టేనని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు బడికి పోయే దారిలో చావడి ముందు జనం. దారోగా వచ్చి ఉన్నాడు. ఊళ్లో మూడిళ్లలో జ్వరాలు తగిలాయి, చావడి లెక్కలో చూస్తే ఎలుకలు పెరగడమే మందగించింది. ఆ రోజు చెప్పినవి ఇరవయ్యే. ఇదెట్లా కుదురుతుందని అతను అడిగాడు. తెలివైన ప్రశ్న, జవాబే తెలివితక్కువది. యోసేపు కల్లు తాగి ఎక్కడో పడుకుని నోటికొచ్చిన లెక్క చెబుతున్నాడని తేల్చేశాడు. యోసేపు చేతులు కట్టుకుని, ఇళ్ల వాళ్లు నెట్టినన్నీ తెచ్చానని, ఒక్కటీ వదల్లేదని చెప్పాడు. వంగమన్నారు. వంగి కాలి బొటనవేళ్లు పట్టుకున్నాడు. వీపు మీద తిరగలి రాయి పెట్టారు. రొంటిలోని మూట జారి చింతగింజలు మట్టిలో చెల్లాచెదరయ్యాయి.

అరుగు మీద పెద్దమనుషుల్లో వీరేశం ఉన్నాడు. కండువా అంచు వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ, మళ్లీ చుట్టుకుంటూ ఉన్నాడు. పరమేశ్వర్ సంచిలో కాగితం ఉంది. అది తీసి, ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట చెబితే మధ్యాహ్నానికి అక్క చలిలో ఉంటుంది. వంగిన మనిషి తల పక్కకు తిప్పి ఒకసారి వాడిని చూశాడు. పరమేశ్వర్‌కు సంచిలోకి చేయి పోలేదు. రాయి దించాక యోసేపు నిటారు కాలేక, అలాగే వంగి నడుస్తూ పోయాడు. మరుసటి రోజు నుంచి డబ్బా ఇంకొకడికి ఇచ్చారు.

ఎనిమిదోనాడు పొద్దున భాగీరథి తల నొప్పిగా ఉందంది. కుంపటి వేడికేమోలే అంది. మధ్యాహ్నం పిల్లకు పాలివ్వడానికి లేవబోయి తూలింది. సుమిత్రమ్మ ఒళ్లు తడిమి చూసింది. గజ్జలో తాకనివ్వని బిళ్ళ. తల్లి అరవలేదు. గడప మీద కూర్చుని, వీరేశాన్ని పిలిచి, కొట్టు వైపు వేలు చూపించింది.

ఇక దాచడానికి ఏముంది? తొమ్మిదోనాడు చేవెళ్ల దవాఖాన నుంచి కంపౌండరు వచ్చాడు. ఇంటి పెంకులు దించారు. కొట్టు తెరిస్తే బస్తాల సందుల్లో, దూలాల మీద, గోడ కన్నాల్లో రాలిన ఎలుకలు. ఎన్ని ఉన్నాయో పరమేశ్వర్ లెక్కపెట్టలేదు. భాగీరథిని మంచంతో సహా మోసుకుని పోయి గుడిసెలో పడుకోబెట్టారు. ఏ చలి నుంచి కాపాడాలనుకున్నారో ఆ చలిలోకే. పిల్లను వేరే గుడిసెలో ఉంచి మేకపాలు పట్టారు. సందెవేళ అక్కకు కాస్త తెలివి వచ్చింది. తడికె అవతల నిలబడ్డ తమ్ముణ్ని పోల్చి, పెదవులు కదిపింది.

“దొరికెనా తమ్మీ? పందొమ్మిది?”

వాడు దొరకలేదన్నాడు. ఎక్కడో ఉంటాయిలే, వెతుకు అని ఆమె కళ్లు మూసుకుంది.

పదో రోజు, అంటే పురుడు పదకొండో రోజు, తెల్లారకముందే పోయింది. ముందురోజే ఎందుకైనా మంచిదని సుమిత్రమ్మ తలంటుకు కుంకుడుకాయలు కొట్టి నానబెట్టుకుంది. ఆ నీళ్లే కాచి పోశారు. పేరు పెట్టవలసిన రోజున పిల్లకు ఎవరూ పేరు పెట్టలేదు.

మూడు రోజుల తర్వాత పరమేశ్వర్ గుడిసె వెనక కూర్చుని కాగితం పూర్తి చేశాడు. చెరిపిన మచ్చల పక్కనే పద్నాలుగు, పదిహేడు మళ్లీ రాశాడు. వాటి పైన ఇరవై, ముప్పై ఉంచాడు. రెండింటి మధ్య ఖాళీలో, తక్కువైనవి ఆరు, పదమూడు, మా ఇంటివి, పెరట్లో పాతిపెట్టినవి, నేను చూశాను అని రాశాడు. సాముయేలు మాస్టరు గుడిసెల దగ్గరికి పిల్లలను చూడటానికి వచ్చినప్పుడు ఇచ్చాడు. మాస్టరు నిలబడే చదివాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇది చావడిలో చూపిస్తే యోసేపు మీది మచ్చ పోతుంది, మీ బాపుకు తల ఎత్తుకోలేనంత పని అవుతుంది, చూపించనా అని అడిగాడు. చూపించమన్నాడు పరమేశ్వర్. గుడిసె ముందు కూర్చున్న వీరేశం ఆ మాట విన్నాడు. అడ్డం చెప్పలేదు.

వాడు అక్కడి నుంచి లేచి, వంట దగ్గర తల్లి పారేసిన చింతగింజలు ఏరుకున్నాడు. పందొమ్మిది. గుప్పిట్లో పట్టుకుని యోసేపు వాళ్ల గుడిసెలున్న వైపు నడిచాడు. వీళ్లవి రోడ్డుకు ఈ పక్క, వాళ్లవి ఆ పక్క. ప్లేగు వచ్చినా ఆ ఏర్పాటు మారలేదు.

యోసేపు ఎండలో బోర్లా పడుకుని ఉన్నాడు. వీపు మీద రాయి ఒరుసుకున్న చోట పసుపు పూసి ఉంది. పిల్లవాణ్ని చూసి లేవబోయి, లేవలేక, మోచేతి మీద ఆనుకున్నాడు. పరమేశ్వర్ గింజలు అతని ముందు పోశాడు. ఇవి మా ఇంటివని చెప్పాడు. ముసలివాడు ఒక్కొక్కటే వేలితో జరుపుతూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. 

“నాకు ఎర్కనే సావుకారి,” అన్నాడు. “ఇరవై ఏండ్ల సంది గీ పనిల ఉన్న, వాసన తెల్వదా? మీ పెరటి తలుపు కాడ నిలవడ్డ అయిదోనాడే ఎర్కైంది. లోపల పచ్చి బాలింత ఉన్నదని ఊకున్న. మీద రాయి పెట్టినా గందుకే చెప్పలే.”

పరమేశ్వర్ నేల మీద కూర్చుండిపోయాడు. ఆ మనిషి ముందు ఎన్నడూ కూర్చోలేదు.

“మంచే చేస్తున్న అనుకున్న,” అన్నాడు యోసేపు. “గీ మూడొద్దుల సంది పండుకుని గదే లెక్క ఏస్తున్న. గానాడు చెప్పి ఉంటే మీ అక్క బత్కునా, బత్కకపోవునా? నాకు కుదుర్తలేదు. నువ్వు సదువుకున్నోనివి. నువ్వన్న చెప్పు.”

పరమేశ్వర్‌కు ఆ లెక్క వచ్చు. చుక్కలన్నీ కళ్ల ముందే ఉన్నాయి. ఐదోనాడు కొట్టులో ఆరే. ఆ మధ్యాహ్నం ఇల్లు విడిచి ఉంటే, అక్కకు జ్వరం రావడానికి ఇంకా మూడు రోజులు ఉంది. ఆరోనాడు తను చెప్పినా రెండు రోజులు ఉంది. బుద్ధి తెలిసినప్పటి నుంచి వాడు వేసిన లెక్కల్లో ఇంత చక్కగా గీత మీదికి వచ్చింది ఇంకొకటి లేదు.

“బత్కేది గాదు,” అన్నాడు. “జరం అప్పటికే లోపల ఉన్నది. నువ్వు చెప్పినా గంతే అయ్యేది. నేను లెక్క చేసిన.”

యోసేపు వాడి మొహం వైపు చూశాడు. నమ్మాడో లేదో తెలియదు. తలాడించి, పందొమ్మిది గింజలనూ గుడ్డలో మూట కట్టుకుని రొంటిన దోపుకున్నాడు.